అర్ధరాత్రి ‘కుక్క మొరిగినట్టు’ దగ్గు: పసిపిల్లల్లో క్రూప్‌ను గుర్తించడమెలా? ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలి?

పగలంతా ఆడుకున్న బిడ్డే. కాస్త ముక్కు కారుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, అంతే. రాత్రి నాలుగు ముద్దలు తిని నిద్రపోయింది. ఒంటిగంట దాటాక ఉలిక్కిపడి లేచి, ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని దగ్గు దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు కాదు, కుక్కపిల్ల మొరిగినట్టు ఉంది. గొంతు బొంగురుపోయింది. ఏడుస్తూ గాలి లోపలికి పీల్చుకున్న ప్రతిసారీ గొంతులోంచి గరగరమనే బిగ్గర శబ్దం. తల్లి భయపడింది. తండ్రి బండి తాళాల కోసం వెతుకుతున్నాడు. నాయనమ్మ స్టవ్ మీద నీళ్లు పెట్టి ఆవిరి పడదామంటోంది.

ఏటా ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యమిది. వైద్యులు ఈ స్థితిని ‘క్రూప్’ అంటారు. పేరు వినని తల్లిదండ్రులే ఎక్కువ. దీని బారిన పడిన పిల్లల్లో అత్యధికులకు ఇది తేలికగానే వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం గంటల వ్యవధిలోనే ఊపిరి అందని పరిస్థితి తెచ్చిపెడుతుంది. ఆ రాత్రి ఇంట్లోనే గడపవచ్చా, వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలా అన్న నిర్ణయం కొన్ని గుర్తుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ గుర్తులు తెలుసుకోవడానికి వైద్య పరికరాలేవీ అక్కర్లేదు. కన్ను, చెవి చాలు.

మన వాడుకలో పేరు లేని జబ్బు

తెలుగు కుటుంబాల్లో పిల్లల జబ్బులకు పేర్ల కొరత లేదు. కోరింత దగ్గు, కంఠసర్పి, ఉబ్బసం, గవదబిళ్లలు, ఆటలమ్మ అనగానే లక్షణాలు కళ్లముందు మెదులుతాయి. క్రూప్‌కు మాత్రం అలా జనం నోట స్థిరపడిన పేరు లేదు. అందుకే ఆస్పత్రికి వచ్చిన తల్లిదండ్రులు దీన్ని ‘ఆయాసం’ అనో, ‘పిల్లికూతలు’ అనో చెబుతారు. ఆ మాటలు ఛాతీలోని ఇబ్బందిని సూచిస్తాయి. క్రూప్ పుట్టే చోటు గొంతు. ఈ తేడా తెలియకపోతే ఇంట్లో ఉన్న ఉబ్బసం మందో, దగ్గు సిరపో పట్టించి తెల్లవారే దాకా ఆగిపోయే ప్రమాదం ఉంది.

‘క్రూప్’ అన్నది స్కాట్లండ్ ప్రజల వాడుక పదం. బొంగురు గొంతుతో అరవడమని దాని భావం. ఎడిన్‌బరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ 1765లో ఈ జబ్బు మీద ప్రత్యేక గ్రంథం ప్రచురించడంతో ఆ మాట వైద్యశాస్త్రంలోకి వచ్చింది. ఆ రోజుల్లో డిఫ్తీరియాను, అంటే మన కంఠసర్పిని కూడా క్రూప్ కిందే జమకట్టేవారు. 1807లో నెపోలియన్ చక్రవర్తి సోదరుడి కుమారుడు, నాలుగేళ్ల బాలుడు ఈ పేరుతోనే పిలిచిన జబ్బుతో మరణించగా, క్రూప్ మీద ఉత్తమ పరిశోధనకు చక్రవర్తి బహుమతి ప్రకటించాడు. డిఫ్తీరియా వేరు, వైరస్‌లతో వచ్చే క్రూప్ వేరు అని ఆ తర్వాతి కాలంలో తేలింది. నేడు వైద్యులు క్రూప్ అన్నప్పుడు సాధారణంగా ఈ రెండో దాన్నే ఉద్దేశిస్తారు.

గొంతులో ఏం జరుగుతుంది?

క్రూప్ ప్రధానంగా వైరస్‌ల వల్ల వస్తుంది. వాటిలో పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లది మొదటి స్థానం. ఫ్లూ వైరస్, ఆర్‌ఎస్‌వీ, అడినోవైరస్ వంటివి కూడా దీనికి కారణం కాగలవు. 2022 ఆరంభంలో కరోనా వైరస్ ఒమిక్రాన్ రకం ప్రబలినప్పుడు పలు దేశాల్లో పిల్లలు క్రూప్ లక్షణాలతో ఆస్పత్రులకు వచ్చారు.

వైరస్ మొదట ముక్కులో, గొంతులో చేరి మామూలు జలుబులా మొదలవుతుంది. అక్కడి నుంచి స్వరపేటికకు, దాని దిగువనున్న శ్వాసనాళానికి పాకి, లోపలి పొరను వాచేలా చేస్తుంది. స్వరతంత్రుల కింద ఉంగరంలా చుట్టూ మూసుకుని ఉండే మృదులాస్థి ఒకటుంది. పసిపిల్లల శ్వాసమార్గంలో అన్నిటికంటే ఇరుకైన చోట్లలో అదొకటి. ఉంగరం సాగదు కాబట్టి లోపలి పొర వాచినప్పుడు ఆ వాపు గాలి వెళ్లే దారిలోకే చొచ్చుకువస్తుంది.

వాపు ఎంత స్వల్పమైనా పసివాళ్లకు ఎందుకంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. శిశువు శ్వాసనాళం వ్యాసం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లే. దారి వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, అది 16 రెట్లు పెరుగుతుంది. అదే ఒక్క మిల్లీమీటరు వాపు 8 మిల్లీమీటర్ల దారి ఉన్న పెద్దవారికి వస్తే, నిరోధం పెరిగేది సుమారు 3 రెట్లు మాత్రమే. అందుకే ఒకే వైరస్ తండ్రికి గొంతు బొంగురుతో సరిపెట్టి, ఏడాదిన్నర బిడ్డకు ఊపిరి కష్టం తెచ్చిపెడుతుంది.

బిడ్డ ఏడ్చినప్పుడు పరిస్థితి ఎందుకు విషమిస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఏడుస్తూ గట్టిగా, వేగంగా గాలి పీల్చుకున్నప్పుడు ఇరుకైన చోట గాలి సుడులు తిరుగుతుంది. మెత్తగా ఉండే పసివారి శ్వాసనాళపు గోడలు లోపలికి ముడుచుకుంటాయి. శబ్దం, శ్రమ రెండూ పెరుగుతాయి. బిడ్డను శాంతపరచడం ఓదార్పు మాత్రమే కాదు, చికిత్సలో మొదటి మెట్టు కూడా.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో క్రూప్ ఎక్కువ. ముఖ్యంగా రెండో ఏట తరచుగా కనిపిస్తుంది. ఆడపిల్లలకంటే మగపిల్లలకు కొంత ఎక్కువగా వస్తుంది. శ్వాసమార్గం వెడల్పయ్యే కొద్దీ ముప్పు తగ్గుతుంది. ఆరేళ్లు దాటాక అరుదు. ఆరు నెలల లోపు శిశువుల గొంతులో గరగర వినిపిస్తే దాన్ని క్రూప్ అని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించాలి. పుట్టుకతో వచ్చే స్వరపేటిక లోపాలు కారణమై ఉండవచ్చు.

గుర్తించడానికి మూడు లక్షణాలు

ఒకటి రెండు రోజుల ముందు నుంచి జలుబు, ముక్కు కారడం, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. ఆపై మూడు లక్షణాలు, తరచుగా రాత్రివేళ, హఠాత్తుగా బయటపడతాయి.

మొదటిది, మొరిగినట్టుండే దగ్గు. పాశ్చాత్య వైద్య గ్రంథాలు దీన్ని సీల్ అనే సముద్ర జీవి అరుపుతో పోలుస్తాయి. మన ఊళ్లలో కుక్క మొరిగినట్టుంది అంటే చాలు. ఒకసారి విన్నవారు మళ్లీ పొరబడరు. రెండోది, బొంగురుపోయిన గొంతు. ఏడుపు కూడా మారిపోతుంది. మూడోది, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో వినిపించే కర్కశమైన శబ్దం. వైద్యులు దీన్ని ‘స్ట్రైడర్’ అంటారు. తేలికపాటి క్రూప్‌లో ఇది అసలే ఉండకపోవచ్చు, లేదా ఏడ్చినప్పుడు మాత్రమే వినిపించవచ్చు.

పిల్లికూతలకు, స్ట్రైడర్‌కు తేడాను పట్టుకోవడం కష్టమేమీ కాదు. పిల్లికూతలు ఉబ్బసంలోనూ, ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు ముడుచుకున్నప్పుడూ వస్తాయి. అవి ప్రధానంగా ఊపిరి వదిలేటప్పుడు, ఛాతీలోంచి సన్నగా, ఈల వేసినట్టు వినిపిస్తాయి. స్ట్రైడర్ ఊపిరి పీల్చేటప్పుడు, గొంతులోంచి గరుకుగా వినిపిస్తుంది. ఆస్పత్రికి బయలుదేరేముందు ఆ శబ్దాన్ని, బిడ్డ ఛాతీ కదలికను సెల్‌ఫోన్‌లో అర నిమిషం చిత్రీకరించి పెట్టుకుంటే మంచిది. దారిలో చల్లగాలి తగిలి, ఏడుపు ఆగి బిడ్డ తేరుకోవడం, వైద్యుడి ముందు ఏ లక్షణమూ కనిపించకపోవడం తరచూ జరిగేదే. చిత్రీకరణ కోసం ప్రయాణాన్ని మాత్రం ఆలస్యం చేయకూడదు.

తీవ్రతను ఎలా అంచనా వేయాలి?

దగ్గు ఎంత బిగ్గరగా ఉందన్నది తీవ్రతకు కొలమానం కాదు. బిడ్డ శాంతంగా ఉన్నప్పుడు ఊపిరి ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న. వైద్యులు స్ట్రైడర్, ఛాతీ లోపలికి లాగుకోవడం, ఊపిరితిత్తుల్లోకి గాలి చేరే తీరు, చర్మం నీలంగా మారడం, స్పృహ అనే ఐదు అంశాలను చూసి తీవ్రతను నిర్ణయిస్తారు. ఇంట్లో తల్లిదండ్రులు వీటిలో చాలావాటిని గమనించగలరు.

తేలికపాటి క్రూప్‌లో మొరిగినట్టు దగ్గు అప్పుడప్పుడు వస్తుంది. ఒళ్లో కూర్చున్నప్పుడు ఊపిరిలో శబ్దం ఉండదు. బిడ్డ నవ్వుతుంది, ఆడుతుంది, పాలు తాగుతుంది. క్రూప్ వచ్చిన పిల్లల్లో అత్యధికులు ఈ కోవకే చెందుతారు.

మోస్తరు క్రూప్‌లో బిడ్డ ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా గరగర వినిపిస్తుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింది గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుంటాయి. పల్లెల్లో ‘డొక్కలు ఎగరేయడం’ అనే లక్షణమిది. ఈ దశలో తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి చేరాలి.

తీవ్రమైన క్రూప్‌లో ఛాతీ బాగా లోతుగా లాగుకుంటుంది. బిడ్డ అశాంతిగా కొట్టుకుంటుంది, లేదా నీరసించి మగతలోకి జారుతుంది. ఇక్కడ ఒక మోసం పొంచి ఉంది. అంతవరకు బిగ్గరగా ఉన్న గరగర ఒక్కసారిగా తగ్గి, బిడ్డ నిశ్శబ్దంగా మారితే తగ్గిందని సంబరపడకూడదు. ముఖం పాలిపోయి, కదలిక తగ్గి, శబ్దమూ తగ్గిందంటే లోపలికి గాలి వెళ్లడమే తగ్గిపోయిందని అర్థం. బిడ్డ నిజంగా కోలుకుంటే శబ్దం తగ్గడంతోపాటు ఊపిరి తేలికవుతుంది, ముఖం తేటపడుతుంది, ఆకలి వేస్తుంది.

కరోనా కాలంలో చాలా ఇళ్లలోకి చేరిన పల్స్ ఆక్సీమీటరును ఇక్కడ పూర్తిగా నమ్మకూడదు. క్రూప్‌లో ఇబ్బంది పైదారిలో ఉంటుంది కాబట్టి, బిడ్డ ఎంతో శ్రమపడుతున్నా ఆక్సిజన్ అంకె చాలాసేపు బాగానే కనిపించవచ్చు. అది పడిపోయే సరికి ఆలస్యం అయిపోతుంది. పైగా పెద్దల వేలికి తయారైన పరికరం పసివేలికి సరిగా పట్టదు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయలుదేరాలి

• ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా ఊపిరి పీల్చేటప్పుడు గరగర శబ్దం
• డొక్కలు ఎగరేయడం, మెడ కింది గుంట లోపలికి లాగుకోవడం, ముక్కుపుటాలు ఎగసిపడటం
• పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా లేదా బూడిద రంగుగా మారడం
• మింగలేక నోటి నుంచి చొంగ కారడం
• మాట్లాడలేకపోవడం, ఏడుపు గొంతులోంచి బయటికి రాకపోవడం
• పాలు, నీళ్లు తాగలేకపోవడం, చాలా గంటలుగా మూత్రం పోయకపోవడం
• విపరీతమైన నీరసం, మగత, పిలిస్తే పలకకపోవడం
• తీవ్రమైన జ్వరంతో బిడ్డ బాగా వాడిపోయినట్టు కనిపించడం

నీలం రంగు, మగత, ఊపిరి ఆగి ఆగి రావడం, చొంగ కారడం వంటివి ఉంటే 108కు ఫోన్ చేయాలి. వాహనం ఏదైనా, బిడ్డను పడుకోబెట్టకుండా తల్లి లేదా తండ్రి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి తీసుకెళ్లాలి. నెలలు నిండకుండా పుట్టినవారు, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గతంలో వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవారు, ఏడాది లోపు శిశువుల విషయంలో తేలికపాటి లక్షణాలున్నా ముందే వైద్యుణ్ని సంప్రదించడం మేలు. ఇంటికి ఆస్పత్రి గంటల దూరంలో ఉంటే, చీకటి పడే వేళకే మొరిగినట్టు దగ్గు మొదలైతే, రాత్రికి పెరుగుతుందన్నది దృష్టిలో ఉంచుకుని ముందుగానే నిర్ణయం తీసుకోవాలి.

క్రూప్‌లా కనిపించే ఇతర ప్రమాదాలు

గొంతులో గరగర ఉన్నంత మాత్రాన అది క్రూప్ కానక్కర్లేదు. అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది గొంతులో ఏదైనా ఇరుక్కోవడం. జలుబు, జ్వరం ఏమీ లేకుండా, తింటూనో ఆడుకుంటూనో ఉన్న బిడ్డ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఊపిరికి ఇబ్బంది పడితే వేరుశనగ పలుకు, చింతగింజ, సీతాఫలం గింజ, బటన్ బ్యాటరీ, బొమ్మ ముక్క వంటిది శ్వాసనాళంలో పడిందేమో చూడాలి. కాసేపటికి దగ్గు సద్దుమణిగినా వస్తువు లోపలే ఉండిపోవచ్చు. ఆస్పత్రికి వెళ్లి తీరాలి.

కొండనాలుక దిగువన, స్వరపేటికకు మూతలా ఉండే భాగం బ్యాక్టీరియా వల్ల వాస్తే మరింత ప్రమాదం. దీన్ని ఎపిగ్లాటైటిస్ అంటారు. తీవ్ర జ్వరం గంటల్లోనే పెరుగుతుంది. మొరిగే దగ్గు సాధారణంగా ఉండదు. మింగలేక చొంగ కారుస్తూ, గడ్డం ముందుకు చాచి, చేతులు ఆన్చుకుని ముందుకు వంగి కూర్చుంటుంది బిడ్డ. దీనికి ప్రధాన కారణమైన హిబ్ బ్యాక్టీరియాకు టీకా ఉంది. దాన్ని కలిపిన పెంటావాలెంట్ టీకాను 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలుపెట్టి, ఆ తర్వాత దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా అందిస్తోంది.

కంఠసర్పి ఇంకా మన మధ్యనే ఉంది. ప్రపంచంలో డిఫ్తీరియా కేసులు ఎక్కువగా నమోదవుతున్న దేశాల్లో భారత్ ఒకటి. టీకాలు పూర్తికాని పిల్లల్లో గొంతునొప్పి, మెడ వాపు, గొంతులో బూడిద రంగు పొర, బొంగురుతనం కనిపిస్తే దీన్ని అనుమానించాలి. దీని చికిత్స పూర్తిగా వేరు. విషానికి విరుగుడు మందు, యాంటీబయాటిక్‌లు వెంటనే ఇవ్వాలి. అందుకే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు టీకాల కార్డు వెంట తీసుకెళ్లడం మరవకూడదు.

క్రూప్‌గా మొదలై, తగ్గుతున్నట్టే ఉండి, మళ్లీ తీవ్ర జ్వరంతో బిడ్డ నీరసించిపోతే శ్వాసనాళంలో బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. ఏదైనా తిన్న వెంటనే, మందు వేసిన వెంటనే, లేదా కందిరీగ కుట్టిన వెంటనే పెదవులు, ముఖం వాచి, ఒంటిపై దద్దుర్లతో గరగర మొదలైతే అది తీవ్రమైన అలర్జీ. ఇవన్నీ ఇంట్లో తేల్చుకునేవి కావు.

ఇంట్లో ఏం చేయాలి?

లక్షణాలు తేలికగా ఉంటే మొదటి పని బిడ్డను ఎత్తుకుని శాంతపరచడం. తల్లిదండ్రుల కంగారు పసివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, మెల్లగా మాట్లాడుతూ, ఇష్టమైన పాటో బొమ్మో చూపుతూ ఏడుపు ఆపగలిగితే చాలాసార్లు ఊపిరి శబ్దం దానంతటదే తగ్గుతుంది. చుట్టూ బంధువులు మూగకుండా చూడాలి. తనకు సుఖంగా ఉన్న భంగిమను బిడ్డే ఎంచుకుంటుంది. బలవంతంగా పడుకోబెట్టకూడదు.

తల్లిపాలు ఆపకూడదు. పెద్ద పిల్లలకు నీళ్లు, మజ్జిగ, పలుచని జావ కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. ఒకటి రెండు రోజులు అన్నం సరిగా తినకపోయినా ఫర్వాలేదు, ద్రవాలు లోపలికి వెళ్తే చాలు.

జ్వరం వల్ల బిడ్డ చికాకు పడుతుంటే పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి నిర్ణయించాలి. సాధారణంగా కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల విరామం. మార్కెట్లో ఈ మందు చుక్కల రూపంలోనూ, వేర్వేరు గాఢతలున్న సిరప్‌ల రూపంలోనూ దొరుకుతుంది. చుక్కల మందు సిరప్ కంటే ఎన్నో రెట్లు గాఢంగా ఉంటుంది. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే మోతాదు మించిపోతుంది. సీసా మీద ముద్రించిన గాఢత చదవకుండా పట్టించకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

ఆ రాత్రి పెద్దవారిలో ఒకరు బిడ్డ పక్కనే పడుకోవాలి. అప్పుడప్పుడు లేచి, చొక్కా పైకెత్తి ఛాతీ కదలికను చూడాలి. క్రూప్ లక్షణాలు పగలు తగ్గి రాత్రి తిరగబెట్టడం సహజం. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను శరీరంలో రాత్రివేళ తగ్గడం ఇందుకు ఒక కారణమని భావిస్తారు. ఉదయం ఆడుకుంటోంది కదా అని రెండో రాత్రి ఏమరపాటు పనికిరాదు.

ఏం చేయకూడదు?

ఆవిరి పట్టడం తరతరాల అలవాటు. క్రూప్ విషయంలో దాని ప్రయోజనం రుజువు కాలేదు. 2006లో టొరంటోలో 140 మంది పిల్లలపై జరిగిన పరిశోధనలో అధిక తేమతో కూడిన గాలి ఇచ్చినవారికీ, ఇవ్వనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరుగుతున్న నీళ్ల గిన్నె పక్కన, దుప్పటి కింద విలవిల్లాడే పసిబిడ్డకు ఒళ్లు కాలే ముప్పు మాత్రం నిజమైనది.

చల్లగాలి సంగతి వేరు. 10 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత ఉన్న ఆరుబయట అర గంట ఉంచిన పిల్లల్లో లక్షణాలు త్వరగా తగ్గినట్టు 2023లో ప్రచురితమైన జెనీవా పరిశోధన తేల్చింది. ఆ పిల్లలందరికీ స్టెరాయిడ్ మందు కూడా ఇచ్చారన్నది గమనించాలి. ఆదిలాబాద్, పాడేరు మన్యం వంటి చోట్ల శీతాకాలపు రాత్రుల్లో తప్ప తెలుగు నేలపై అంత చలి అరుదు. కిటికీ తెరిచి, లేదా వెచ్చటి దుస్తులు వేసి కాసేపు వరండాలో ఎత్తుకుని తిప్పితే నష్టం లేదు. అది చికిత్సకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

స్నానం తర్వాత పసిపిల్లలకు సాంబ్రాణి పొగ వేయడం చాలా ఇళ్లలో ఆచారం. వాచిన శ్వాసమార్గానికి ఏ పొగైనా కీడే. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, కట్టెల పొయ్యి, సిగరెట్ అన్నీ ఈ కోవలోవే. కర్పూరం మరింత ప్రమాదకరం. అది కొద్దిగా కడుపులోకి వెళ్లినా పసివారికి ఫిట్స్ రావచ్చు. ముక్కులో, గొంతులో నూనె చుక్కలు వేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియాకు దారితీయవచ్చు. ఏడాది లోపు శిశువుకు తేనె నాకించకూడదు. బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే అవకాశం ఉంది.

దగ్గు సిరప్‌లు క్రూప్‌లో పనిచేయవు. ఇక్కడ దగ్గుకు కారణం గొంతు వాపు. సిరప్ దాన్ని తగ్గించలేదు. మత్తు కలిగించే సిరప్ వేస్తే బిడ్డ నిద్రలోకి జారుకుని, పరిస్థితి విషమిస్తున్నదీ లేనిదీ తెలియకుండా పోతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషపూరిత డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి పలువురు చిన్నారులు కన్నుమూసిన విషాదం తెలిసిందే. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరు.

క్రూప్‌కు కారణం వైరస్ కాబట్టి యాంటీబయాటిక్‌లతో ఉపయోగం లేదు. గొంతులో ఏముందో చూద్దామని చెంచాతో నాలుక నొక్కడం, వేలు పెట్టడం చేయరాదు. భయంతో బిడ్డ ఏడిస్తే ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోవచ్చు.

ఆస్పత్రిలో చికిత్స ఎలా ఉంటుంది?

చాలావరకు వైద్యులు చూసి, విని నిర్ధారిస్తారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు సాధారణంగా అవసరం లేదు. అనుమానం ఉన్నప్పుడే వాటి జోలికి వెళ్తారు. బిడ్డను తల్లి ఒళ్లోంచి తీయకుండానే పరీక్షించడం మంచి పద్ధతి.

క్రూప్ చికిత్సకు మూలస్తంభం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. బిడ్డ బరువులో కిలోకు 0.15 నుంచి 0.6 మిల్లీగ్రాముల చొప్పున, చాలామందికి ఒకే ఒక్క మోతాదు సరిపోతుంది. నోటి ద్వారా ఇచ్చినా ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేస్తుంది. సూది గుచ్చి ఏడిపించే కంటే నోటితో ఇవ్వడమే మేలు. వాంతి చేసుకుంటున్నవారికి ఇంజెక్షన్, లేదా బుడెసొనైడ్‌ను నెబ్యులైజర్ ద్వారా ఇస్తారు. కెనడాలో 720 మంది పిల్లలపై జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, తేలికపాటి క్రూప్‌కు కూడా ఈ ఒక్క మోతాదు వేసినవారిలో మళ్లీ వైద్యుడి వద్దకు రావాల్సి వచ్చినవారు సుమారు 7 శాతం. ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో వారు 15 శాతం.

స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రులు జంకుతారు. నెలల తరబడి వాడితే వచ్చే దుష్ప్రభావాలు వేరు, వైద్యుడి పర్యవేక్షణలో ఒక్క మోతాదు వేరు. అలాగని ఇంట్లో మిగిలిన మాత్రను పొడిచేసి పట్టించడం, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవడం సరికాదు. గొంతులో ఇరుక్కున్న వస్తువునో, కంఠసర్పినో క్రూప్‌గా పొరబడితే ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

మోస్తరు, తీవ్ర స్థాయిల్లో అడ్రినలిన్ మందును నెబ్యులైజర్ ద్వారా ఇస్తారు. 10 నుంచి 30 నిమిషాల్లో వాపు తగ్గి బిడ్డ తేరుకుంటుంది. దాని ప్రభావం సుమారు రెండు గంటలే. స్టెరాయిడ్ పూర్తిగా పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ రెంటి నడుమ లక్షణాలు మళ్లీ తలెత్తవచ్చు. బిడ్డ నవ్వుతోంది కదా, ఇంటికి పంపరేమిటని ఒత్తిడి చేయకుండా, వైద్యులు చెప్పిన 2 నుంచి 4 గంటల పరిశీలన ముగిసేదాకా ఉండటం అవసరం. ఇంట్లో ఉబ్బసం కోసం వాడే సాల్బ్యుటమాల్ నెబ్యులైజేషన్ దీనికి బదులు కాదు. అది ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల మీద పనిచేస్తుంది, గొంతు వాపు మీద కాదు.

ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం కొద్దిమందికే ఉంటుంది. వారిలోనూ గొట్టం వేసి శ్వాస అందించాల్సి వచ్చేది మరీ అరుదు. సకాలంలో చేరుకుంటే దాదాపు అందరూ పూర్తిగా కోలుకుంటారు.

కోలుకున్నాక, మళ్లీ వస్తే

మొరిగే దగ్గు చాలామందిలో రెండు రోజుల్లో తగ్గుతుంది. మామూలు దగ్గు, జలుబు వారం దాకా ఉండవచ్చు. జ్వరం తగ్గి, బిడ్డ తేరుకునేదాకా అంగన్‌వాడీకో, ప్లేస్కూల్‌కో పంపకపోవడం ఇతర పిల్లలకు శ్రేయస్కరం. కొందరికి ఒకటి కంటే ఎక్కువసార్లు క్రూప్ వస్తుంది. ఏడాదిలో పలుమార్లు వచ్చినా, జలుబు లేకుండానే వస్తున్నా, రెండు దఫాల మధ్య కూడా గరగర పూర్తిగా పోకున్నా శ్వాసమార్గం పుట్టుకతోనే ఇరుకుగా ఉందేమో, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతోందేమో నిపుణులు పరీక్షించాలి.

పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు టీకా లేదు. జలుబు చేసిన పెద్దలు చేతులు సబ్బుతో కడుక్కోవడం, దగ్గేటప్పుడు నోరు కప్పుకోవడం, పసివారిని ముద్దులాడకుండా ఉండటం వ్యాప్తిని తగ్గిస్తాయి. క్రూప్‌ను పోలిన ప్రాణాంతక వ్యాధులకు మాత్రం టీకాలున్నాయి. పెంటావాలెంట్‌ను 6, 10, 14 వారాలకు, డీపీటీ బూస్టర్లను 16 నుంచి 24 నెలల మధ్య, మళ్లీ 5 నుంచి 6 ఏళ్ల మధ్య వేయించాలి. మీజిల్స్ రుబెల్లా టీకాను 9 నెలలు నిండాక, ఆపై 16 నుంచి 24 నెలల మధ్య ఇస్తారు. తట్టు కూడా క్రూప్‌కు దారితీయగలదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించే విషయం శిశువైద్యుడితో చర్చించవచ్చు.

అర్ధరాత్రి ఆ దగ్గు వినిపించినప్పుడు తల్లిదండ్రులు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఒళ్లో శాంతంగా కూర్చున్నప్పుడు బిడ్డ ఊపిరి నిశ్శబ్దంగా ఉందా, లేదా? నిశ్శబ్దంగా ఉండి, ముఖం తేటగా ఉండి, డొక్కలు ఎగరకపోతే పక్కనే మేలుకుని తెల్లవారాక వైద్యుడికి చూపించవచ్చు. శబ్దం ఉంటే, డొక్కలు ఎగురుతుంటే, బిడ్డ వాడిపోతుంటే స్టవ్ మీద నీళ్లు దించి, టీకాల కార్డు తీసుకుని బయలుదేరాలి.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స, మందుల మోతాదు విషయంలో శిశువైద్యుడి సలహా తప్పనిసరి.)